జేన్ ఆస్టెన్ రాజుల చరిత్రను ఎలా చదివింది? ఆధారాల వెంట వెళ్లే దారి

1791 నవంబరు 26, శనివారం. ఇంగ్లండులోని హాంప్‌షైర్ ప్రాంతంలో స్టీవెంటన్ అనే పల్లె. అక్కడి చర్చి గురువుగారి చిన్న కూతురు ఒక రాతపుస్తకంలో ఇంగ్లండు రాజుల చరిత్ర రాయడం ముగించి, కింద ఆ తేదీ వేసింది. ఇంకో మూడు వారాల్లో ఆమెకు పదహారేళ్లు నిండుతాయి. 1399లో గద్దెనెక్కిన నాలుగో హెన్రీతో మొదలై 1649లో తల తెగిన మొదటి ఛార్లెస్‌తో ముగిసే చరిత్ర అది. రచయిత్రి తనను తాను ‘పక్షపాతం, దురభిమానం, అజ్ఞానం కలిగిన చరిత్రకారిణి’ అని పరిచయం చేసుకుంది. ఈ చరిత్రలో తేదీలు చాలా తక్కువ ఉంటాయని ముందే హెచ్చరించింది.

ఆ అమ్మాయి జేన్ ఆస్టెన్. తర్వాత ఆమె రాసిన ఆరు నవలల్లో రాజులు పాత్రలుగా కనిపించరు. అందుకే చాలామంది ఈ చిన్న రచనను ఒక అల్లరిగా చదివి, నవ్వుకుని పక్కన పెడతారు. అలా పెట్టకూడదని నా గట్టి నమ్మకం. ఆ నవ్వు కింద జీవితాంతం చల్లారని ఒక మమకారం ఉంది. ఇంగ్లండు రాణి ఎలిజబెత్ చంపించిన స్కాట్లండు రాణి మేరీ మీద, ఆమె వంశమైన స్టువర్టుల మీద ఉన్న మమకారం అది. దాన్ని ఆధారాలతో పట్టుకోవడం ఎలాగో చెప్పడానికే ఈ మార్గదర్శి. ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్న విద్యార్థులే కాదు, ఇంట్లో కంప్యూటరు, ఓపిక ఉన్న ఏ పాఠకుడైనా ఈ దారిలో నడవవచ్చు.

మొదటి అడుగు: ప్రశ్నను కుదించుకోండి

‘జేన్ ఆస్టెన్, చరిత్ర’ అని మొదలుపెడితే ఆరు నెలల తర్వాత కూడా నోట్సు కుప్పగానే మిగులుతుంది. ఒకే వాక్యంలో ప్రశ్న రాసుకోండి. నేనైతే ఇలా రాసుకుంటాను: ‘స్టువర్టుల మీద ఆమె చూపిన అభిమానం చిన్ననాటి వేషమా, నిజమైన నమ్మకమా?’ దీనికి అవుననో కాదనో చెప్పగల సాక్ష్యాలు ఉన్నాయి. దొరికిన ప్రతి కాగితాన్నీ ఈ ప్రశ్న ముందు నిలబెట్టండి.

రెండో అడుగు: రాతప్రతి ముందు కూర్చోండి

వ్యాసాలూ విమర్శలూ తర్వాత. ముందు రాతప్రతి. చిన్ననాటి రచనలను ఆమె మూడు రాతపుస్తకాల్లోకి శుభ్రంగా ఎత్తి రాసుకుంది. మొదటిది ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలోనూ, మిగిలిన రెండూ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనూ ఉన్నాయి. మనకు కావలసిన రాజుల చరిత్ర రెండో పుస్తకంలో ఉంది. అది తండ్రి ఇచ్చిన కానుక అని ఆమె అందులో లాటిన్‌లో రాసుకుంది. ఈ మూడింటినీ చూడటానికి ఇప్పుడు విమానం ఎక్కనక్కరలేదు. ఆమె కథా రచనల రాతప్రతులన్నిటినీ ఫొటోలుగా, పక్కనే అక్షరాలుగా చూపించే డిజిటల్ సంచిక 2010 నుంచి ఉచితంగా అందుబాటులో ఉంది. ఆక్స్‌ఫర్డు ఆచార్యురాలు క్యాథరిన్ సదర్లాండ్ ఆధ్వర్యంలో వచ్చిన పని అది.

మొదటిసారి చదివేటప్పుడు నోట్సు వద్దు, చదవండి చాలు. రెండోసారి బొమ్మలు చూడండి. రచనను అంకితమిచ్చింది అక్క కసాండ్రాకు. బొమ్మలు వేసిందీ అక్కే. అవి గుండ్రని చట్రాల్లో రంగుల్లో వేసిన చిన్న ముఖచిత్రాలు. ఇక్కడ ఒక చిన్న లెక్క వేయమంటాను. నాలుగో హెన్రీ నుంచి మొదటి ఛార్లెస్ దాకా ఏలినవారు పదముగ్గురు. బొమ్మలూ పదమూడే. కానీ ఐదో ఎడ్వర్డుకు బొమ్మ లేదు. పాపం ఆ రాకుమారుడు బతికిందే కొద్దికాలం, బొమ్మ గీయడానికి ఎవరికీ తీరిక దొరకలేదు అంటుంది జేన్. మరి పదమూడో బొమ్మ ఎవరిది? స్కాట్లండు రాణి మేరీది. ఇంగ్లండును ఒక్కరోజు కూడా ఏలని మేరీని, ఇంగ్లండు రాణి ఎలిజబెత్‌కు ఎదురుగా కూర్చోబెట్టారు అక్కాచెల్లెళ్లు. అక్షరం చదవకముందే వారి పక్షం ఏదో ఆ పుట చెబుతుంది.

ఆ బొమ్మల్లోని ముఖాలు ఆస్టెన్ ఇంటివారివేననీ, మేరీ ముఖం జేన్‌దేననీ పరిశోధకురాలు అన్నెట్ అప్ఫాల్ 2009లో వాదించారు. ఆసక్తికరమైన ఊహే. ఊహల పేజీలో రాసుకోండి, సాక్ష్యాల పేజీలో మాత్రం వద్దు. ఈ రెండు పేజీలూ మొదటి రోజు నుంచే వేరుగా ఉండాలి.

వెతికేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. ఆమె ‘ఫ్రెండ్’ అనే మాటలో ఐ, ఈ అనే ఇంగ్లీషు అక్షరాలను తారుమారు చేసి రాసేది. షేక్‌స్పియర్ పేరు చివర ఒక అక్షరం ఉండదు. నేటి వర్ణక్రమంతో మాత్రమే వెతికితే సగం ఫలితాలు జారిపోతాయి. రెండు విధాలా వెతకండి.

మూడో అడుగు: ఆమె చేతిలో ఉన్న పుస్తకం తెరవండి

ఈ పరిశోధనలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇది. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1771లో నాలుగు సంపుటాలుగా ఇంగ్లండు చరిత్ర అచ్చువేయించాడు. ఆస్టెన్ల ఇంట్లో ఆ సంపుటాలు ఉండేవి. జేన్ వాటి అంచుల్లో వందకు పైగా వ్యాఖ్యలు రాసింది. ఆ ప్రతి కుటుంబంలోనే తరం నుంచి తరానికి వచ్చింది. మనకు అందే దారి వేరు. పీటర్ సేబర్ సంపాదకత్వంలో 2006లో కేంబ్రిడ్జి ప్రచురించిన ఆమె బాల్యరచనల సంపుటం చివర ఈ అంచు రాతలన్నీ ఉన్నాయి. ఇంగ్లీషు శాఖ బలంగా ఉన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అడగండి. గోల్డ్‌స్మిత్ అసలు పాఠం మాత్రం పాత పుస్తకాల స్కాన్లు పెట్టే వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. గోల్డ్‌స్మిత్ వాక్యం ఎడమవైపు, జేన్ మాట కుడివైపు వచ్చేలా రెండు గడులు గీసుకుంటే చాలు. అప్పుడు ఒక అమ్మాయి ఒక పెద్ద చరిత్రకారుడితో గదిలో ఒంటరిగా పోట్లాడుతుంటే విన్నట్టు ఉంటుంది. ఛార్లెస్ రాజుకూ పార్లమెంటుకూ జరిగిన అంతర్యుద్ధం నాటి పుటల్లో రాజు శత్రువులను ‘అయ్యో, నీచులు!’ అని తిడుతుంది. ఒకచోట ‘ఓ గోల్డ్‌స్మిత్ గారూ, మీరూ నాలాగే పక్షపాతపు చరిత్రకారులే!’ అంటుంది. స్టువర్టుల గురించైతే, ఎప్పుడూ అన్యాయానికీ నమ్మకద్రోహానికీ నిర్లక్ష్యానికీ గురైన కుటుంబమనీ, వారి సుగుణాలను ఒప్పుకునేవారు అరుదు, తప్పులను మరిచేవారు ఎవరూ లేరనీ రాసింది.

ఈ అంచు రాతలను ఎందుకు అంత విలువగా చూడాలంటే, అవి ఎవరినో నవ్వించడానికి రాసినవి కావు. రాజుల చరిత్రను ఇంటిల్లిపాదికీ చదివి వినిపించి ఉంటుంది. పుస్తకం అంచున రాసేటప్పుడు ఎదురుగా ఉన్నది పుస్తకమొక్కటే. అక్కడా అదే కోపం కనిపిస్తే ఆ కోపం నటన అనడం కష్టం.

నాలుగో అడుగు: ఆమె చెప్పిన పేర్ల వెంట పడండి

మేరీకి ఆనాడు మిగిలిన స్నేహితుడు నార్‌ఫోక్ డ్యూక్ ఒక్కడే, ఈనాడు మిగిలింది విటేకర్ గారు, లెఫ్రాయ్ గారు, నైట్ గారు, నేను అని రాసింది జేన్. ఈ ఒక్క వాక్యంలోనే మూడు దారులున్నాయి. విటేకర్ అంటే జాన్ విటేకర్. భర్తను చంపించిందన్న నిందలో మేరీ నిర్దోషి అని వాదిస్తూ 1787లో మూడు సంపుటాల గ్రంథం వెలువరించాడు. అంటే మేరీ దోషా నిర్దోషా అన్నది అప్పటి చదువరుల మధ్య వేడిగా నడుస్తున్న తగవు. ఈ అమ్మాయి అందులో ఒక పక్షాన నిలబడింది. ఆన్ లెఫ్రాయ్ పక్క ఊరైన యాష్ చర్చి గురువుగారి భార్య, జేన్‌కు పెద్ద దిక్కు లాంటి స్నేహితురాలు. క్యాథరిన్ నైట్ కెంట్ ప్రాంతపు గాడ్మర్‌షామ్ జమీందారు భార్య, జేన్ అన్న ఎడ్వర్డును దత్తత చేసుకున్న ఇల్లాలు. చరిత్ర గురించి ఆమె ఎవరితో మాట్లాడేదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అవతలి పక్షాన్నీ చదవాలి. డేవిడ్ హ్యూమ్ తన ఇంగ్లండు చరిత్రలో మేరీని దోషిగానే చూశాడు. విలియం రాబర్ట్‌సన్ 1759లో స్కాట్లండు చరిత్ర వెలువరించాడు. వీరి పేర్లు ‘నార్తాంగర్ ఆబీ’ నవలలోకీ వచ్చాయి. ఇద్దరి గ్రంథాల్లోనూ మేరీ పాలన, ఆమె మరణం ఉన్న అధ్యాయాలు మాత్రం చదివితే సరిపోతుంది. మొత్తం చదవాలంటే ఏళ్లు పడుతుంది.

ఐదో అడుగు: తేదీ తప్పు అనే ముందు ఆగండి

మేరీ మరణాన్ని జేన్ 1586 ఫిబ్రవరి 8, బుధవారం అని రాసింది. మన పుస్తకాల్లో అది 1587. తేదీలు తక్కువని చెప్పి, ఇచ్చినదీ తప్పు ఇచ్చిందని నవ్వడానికి ఎవరికైనా చేయి లేస్తుంది. నిజానికి అది తప్పు కాదు. ఇంగ్లండులో 1752 దాకా కొత్త సంవత్సరం అధికారికంగా మార్చి 25న మొదలయ్యేది. ఆ లెక్కన ఫిబ్రవరి ఇంకా పాత ఏడాదిలోనే ఉంది. ఉగాదికి ముందు నెలలో జరిగిన సంగతిని మనం పాత సంవత్సరం పేరుతో చెప్పుకోమా, అలాగన్నమాట. ఆమె చేతిలోని చరిత్రలు పాత లెక్కనే ఇచ్చేవి. ఆ రోజు బుధవారమే అన్నది కూడా సరిగ్గా సరిపోతుంది.

కాబట్టి తేదీలు తక్కువన్న ఆ రచనలో వచ్చిన ప్రతి తేదీనీ ఆరా తీయండి. ఎనిమిదో హెన్రీ గురించి రాస్తూ, పాఠకులకు అత్యవసరమైన తేదీ ఒకటి ఇస్తానని చెప్పి, అతని రాణి ఆన్ బొలీన్ రాజుకు ఉత్తరం రాసింది మే 6న అని చెబుతుంది. చాలా పట్టాభిషేకాలూ యుద్ధాలూ వదిలేసి, మరణశిక్ష ఎదురుచూస్తున్న ఒక స్త్రీ ఉత్తరానికి తేదీ ఇచ్చింది. మేరీ మరణానికి తేదీ ఇచ్చింది. ఆమె చూపు ఎక్కడ నిలిచిందో ఈ రెండు తేదీలే చెబుతాయి.

ఆరో అడుగు: వేళాకోళాన్నీ నమ్మకాన్నీ వేరు చేయడం

ఇదే అసలు పని, తొందర పడితే చెడేది కూడా ఇక్కడే. ఆమె ప్రతి మాటా నమ్మినా తప్పే, ప్రతి మాటా వేళాకోళమని కొట్టిపారేసినా తప్పే. మేరీ కొడుకు జేమ్స్ రాజు కాలం గురించి రాస్తూ తనకు రోమన్ కాథలిక్ మతమంటే మొగ్గు అంటుంది. ఆమె ఇంగ్లండు చర్చి గురువు కూతురు. ఆ మొగ్గుకు మరెక్కడా ఆనవాలు లేదు. అది వేషం. యార్క్ వంశం వాడు కాబట్టి మూడో రిచర్డు చాలా పెద్దమనిషే అయి ఉంటాడు అనడం, గెలిచినవారి పక్షం రాసే చరిత్రకారుల మీద వేసిన చెణుకు. సమాచారం ఇవ్వడానికి కాదు, గిట్టనివారి మీద అక్కసు వెళ్లగక్కడానికే ఈ చరిత్ర రాస్తున్నాను అని తానే చెబుతుంది.

నేను పాటించే నియమం ఇది: ఒక అభిప్రాయం కనీసం మూడు వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో కనిపిస్తేనే దాన్ని నమ్మకం అంటాను. మేరీ విషయంలో లెక్క చూడండి. 1791 రాతప్రతి ఒకటి. గోల్డ్‌స్మిత్ అంచుల్లో స్టువర్టుల పక్షాన రాసిన మాటలు రెండు. మూడోది ఇంటివారి సాక్ష్యం. మేనకోడలు కరోలిన్ ఆస్టెన్ 1867లో తన జ్ఞాపకాలు రాస్తూ, అత్త మొదటి ఛార్లెస్‌కు గట్టి అభిమాని అనీ, మేరీ స్టువర్టు పూర్తిగా నిర్దోషి అన్న తన చిన్ననాటి నమ్మకాన్ని అత్త ఎప్పుడూ ప్రోత్సహించేదనీ చెప్పింది. కరోలిన్ పుట్టింది 1805లో. అంటే ఆ మాటలు జరిగిన నాటికి అత్త పదిహేనేళ్ల పిల్ల కాదు, పేరున్న నవలలు రాసిన స్త్రీ. మేనల్లుడు జేమ్స్ ఎడ్వర్డ్ ఆస్టెన్-లీ కూడా అత్త జీవితచరిత్రలో ఆమె ఛార్లెస్‌నూ, అతని నాయనమ్మ మేరీనీ ఆవేశంగా సమర్థించేదని రాశాడు. అయితే అది సాక్ష్యాలు పరిశీలించి చేరిన నిర్ణయం కాదు, మనసు ఆవేశమే అని అతని అభిప్రాయం.

ఈ ఇద్దరి మాటలనూ తూచి వాడాలి. అర్ధశతాబ్దం గడిచాక, అత్త మంచిపేరు కాపాడాలనే తపనతో రాసినవారు వీరు. పైగా ఇద్దరూ అన్నాచెల్లెళ్లే, కాబట్టి రెండు సాక్ష్యాలుగా లెక్కించకండి. ఆ కాలపు ఉత్తరాలు సాయపడతాయా అంటే, లేదు. కసాండ్రా చాలా ఉత్తరాలు కాల్చేసింది. మిగిలినవి 160 దాకా ఉన్నా, వాటిలో మొదటిది 1796 జనవరి నాటిది. 1791 గురించి ఒక్క ఉత్తరం కూడా లేదని మీ వ్యాసంలో స్పష్టంగా రాయండి.

ఏడో అడుగు: వంశం

జేన్ తల్లి పుట్టింటివారు లీ వంశస్థులు. 1642లో కోవెంట్రీ నగరం మొదటి ఛార్లెస్‌కు తలుపులు మూసినప్పుడు, దగ్గర్లోని స్టోన్లీ ఆబీలో రాజుకు ఆశ్రయమిచ్చినది ఈ వంశమే. 1806 ఆగస్టులో జేన్, తల్లితో కలిసి ఆ భవనానికి వెళ్లింది. రాజభక్తి ఆమెకు పుస్తకాల నుంచే కాదు, అమ్మమ్మగారి వైపు కథల నుంచి కూడా అంది ఉంటుంది. ఇంతకు మించి సాగదీయవద్దు.

ఎనిమిదో అడుగు: నవలల్లోకి

ఇప్పుడు, ఇన్ని సాక్ష్యాలు చేతిలో పెట్టుకున్నాకే, నవలలు తెరవండి. ముందే తెరిస్తే ప్రతి పేరులోనూ ఒక రాజు కనిపిస్తాడు.

‘నార్తాంగర్ ఆబీ’ పద్నాలుగో అధ్యాయంలో నాయిక క్యాథరిన్ చరిత్ర మీద చేసే ఫిర్యాదు అందరికీ తెలిసినదే. పుట పుటకీ పోపులూ రాజులూ కొట్లాటలు, మగవాళ్లంతా పనికిమాలినవాళ్లు, ఆడవాళ్లు దాదాపు లేనే లేరు. ఆన్ బొలీన్ ఉత్తరానికి తేదీ ఇచ్చిన అమ్మాయి గొంతు ఇందులో వినిపిస్తుంది. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో బెర్ట్రమ్ అక్కాచెల్లెళ్లు రాజుల పేర్లు, పట్టాభిషేకపు తేదీలు వరసగా అప్పజెప్పగలరు. తమను తాము తెలుసుకోవడం మాత్రం వారికి రాదు. తేదీలు తక్కువని జేన్ ముందే ఎందుకు చెప్పిందో ఇక్కడ అర్థమవుతుంది.

నన్ను ఎక్కువగా ఆపినది ‘పర్సుయేషన్’లోని ఒక చిన్న మాట. మూడో అధ్యాయంలో నాయిక తండ్రి సర్ వాల్టర్, నాయకుడి సోదరుడైన వెంట్‌వర్త్ పేరు వినగానే, అతనికి చెప్పుకోదగ్గ బంధువర్గం ఏమీ లేదనీ, స్ట్రాఫర్డ్ కుటుంబంతో ఏ సంబంధమూ లేదనీ తీసిపారేస్తాడు. స్ట్రాఫర్డ్ అంటే థామస్ వెంట్‌వర్త్, ఛార్లెస్ రాజు మంత్రి, 1641లో తల తెగినవాడు. ఇప్పుడు 1791 రాతపుస్తకానికి వెనక్కి వెళ్లండి. ఛార్లెస్ కాలంలో ఆక్స్‌ఫర్డు జనాన్ని మినహాయిస్తే దేశం మొత్తం మీద మంచివాళ్లు ఐదుగురే అని చెప్పి పేర్లు రాసింది: రాజు, లాడ్ ఆర్చిబిషప్పు, స్ట్రాఫర్డ్, ఫాక్‌లాండ్, ఆర్మండ్. పదిహేనేళ్లప్పుడు గుండెకు హత్తుకున్న పేరును, నలభై ఏళ్లప్పుడు తన చివరి పూర్తి నవలలో నాయకుడికి పెట్టి, వంశం చూసి మనిషిని తూచేవాడి నోట దాన్ని అనిపించింది. పేరు పెట్టడానికి కారణం ఇదేనని ఆమె ఎక్కడా చెప్పలేదు. కానీ రెండు పుటలూ పక్కపక్కన పెట్టి చూపించే హక్కు పరిశోధకుడికి ఉంది.

తొమ్మిదో అడుగు: ఆమె కాలపు రాజు

పాత రాజుల మీద అభిమానం ఉన్న మనిషి, కళ్లముందున్న రాజకుమారుణ్ణి ఎలా చూసింది? 1813 ఫిబ్రవరి 16న స్నేహితురాలు మార్తా లాయిడ్‌కు రాసిన ఉత్తరం చూడండి. రీజెంటు, అంటే తండ్రి బదులు పాలిస్తున్న ఆ యువరాజు, భార్య కరోలిన్ గురించి, ఆమె స్త్రీ కాబట్టీ, ఆమె భర్త అంటే తనకు ద్వేషం కాబట్టీ వీలైనంత కాలం ఆమె పక్షానే ఉంటానంటుంది. కాపురం చెడి, నిందలు మోస్తున్న యువరాణి పక్షం! మేరీ పక్షాన నిలిచిన వాదన తీరే ఇక్కడా ఉంది.

ఆ ద్వేషించిన రీజెంటుకే 1815 చివర ‘ఎమ్మా’ను అంకితమివ్వాల్సి వచ్చింది. అతని గ్రంథాలయాధికారి జేమ్స్ స్టేనియర్ క్లార్క్, కోబర్గ్ రాజవంశం మీద చారిత్రక కథ రాయమని సూచించాడు. 1816 ఏప్రిల్ 1న ఆమె మర్యాదగా తిరస్కరించింది. ఇతిహాస కావ్యం రాయలేనట్టే అటువంటి కథా రాయలేను అంది. రాజుల మీద అంత మమకారం ఉండి కూడా, అడిగినప్పుడు రాయనంది. మీ వ్యాసానికి ఇది మంచి ముడి. దాన్ని తేలిగ్గా విప్పేయకండి.

పదో అడుగు: రాయడం

తెలుగులో రాసేవారికి రెండు మాటలు. మన బడి పుస్తకాల్లో ఎలిజబెత్ 1600 నాటి ఈస్టిండియా కంపెనీ పత్రంతో వస్తుంది, జేమ్స్ కాలం 1611లో మచిలీపట్నంలో వెలిసిన కంపెనీ స్థావరంతో వస్తుంది. జేన్ చూసిన ఎలిజబెత్ వేరు, మేరీని చంపించిన ఎలిజబెత్. ఈ తేడా మీ పాఠకులకు మొదటి పేరాలోనే చెప్పండి. మేరీ, ఎలిజబెత్, ఛార్లెస్‌ల బంధుత్వం చిన్న వంశవృక్షంగా గీసి ఇస్తే ఇంకా మేలు.

రెండోది అనువాదం. జేమ్స్ రాజు ఇష్టుడు రాబర్ట్ కార్ మీద ఆమె కట్టిన పొడుపుకథకు విడుపు ‘కార్పెట్’. కార్ ఇంటిపేరు, పెట్ అంటే ముద్దుల మనిషి, మొత్తం కలిస్తే కాళ్లకింద తివాచీ. దీన్ని తెలుగులోకి బలవంతంగా దించవద్దు. అర్థం విప్పి చెప్పి ముందుకు సాగండి. బంధుత్వపు మాటలు మాత్రం మన భాషలో ఇంకా బాగా పలుకుతాయి. స్టువర్టుల గురించి జేన్ రాసిన మాటల పక్కన తర్వాతి తరం వాడొకడు, మేనల్లుడు జేమ్స్ ఎడ్వర్డే అయి ఉంటాడంటారు, ఒక మెచ్చుకోలు రాశాడు. ఇంగ్లీషులో ఆంట్ అన్న మాట పిన్నా పెద్దమ్మా అత్తా అన్నది చెప్పదు. తెలుగులో ఆ పంక్తిని ఇలా రాసుకోవచ్చు: ‘శభాష్ జేన్ అత్తా, నా అభిప్రాయమూ అచ్చం ఇదే!’